మూడో చరణంలో పలకని గొంతు

వేదిక మీద ఎనిమిది మంది: ముందు పాడే అన్న, కోరస్‌లో ఇద్దరు అక్కలు, ఒక తమ్ముడు, డప్పులు వాయించేవాళ్లు ఇద్దరు, డోలక్ ఒకరు, కీబోర్డు ఒకరు. వాళ్ల వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో సంఘాల నాయకులు పదకొండు మంది. వేదికకు ఎడమ పక్కన నేల మీద, రెండు బల్లలు కలిపి వేసిన చోట నేను. నా ముందు ఎనిమిది చానళ్ల మిక్సరు, రెండు యాంప్లిఫయర్లు, ఒక ఎకో పెట్టె, అదనంగా రెండు మైకులు, నల్ల టేపు చుట్ట, టెస్టరు, మంచినీళ్ల సీసా. మైదానంలో ఆరు బాక్సులు. జనం ఎంతమందో నాకు తెలియదు. మర్నాడు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పారు. నేను లెక్కపెట్టలేదు కాబట్టి రాయడం లేదు.

ఇవి కాక అన్న చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన డాక్టరు చీటీ ఒకటి ఉంది. దాని సంగతి తెలిసింది మా ఇద్దరికే.

చోటు ఎల్బీనగర్ రింగురోడ్డు దాటాక ఒక ఖాళీ ప్లాటు. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆటపాటల సభను ధూంధాం అనేవాళ్లం. వారానికి రెండు మూడు జరిగేవి. బంద్ ఉన్న రోజున కాలేజీ ఉండదు, కాలేజీ లేని రోజున ఎక్కడో ఒక చోట ధూంధాం ఉంటుంది. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. పాడడం రాదు, డప్పు రాదు. వైర్లు కలపడం వచ్చు. అందుకని బృందంలో మైకుల పని నాది.

అన్న మా ఇంటి మేడమీద వాటాలో కిరాయికి ఉండేవాడు. కొత్తపేటలో రైతుబజారు వెనక గల్లీ మాది. పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు ఆయనది, మా నాన్నదీ అదే ఊరు. అన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో ఉద్యోగ పరీక్షల పిల్లలకు అంకగణితం చెప్పేవాడు. పొద్దున రెండు బ్యాచులు, ఒక్కో బ్యాచులో రెండు వందల మంది, పైన రేకుల కప్పు. మైకు పెట్టుకోవచ్చు కదా అని నేనొకసారి అంటే, "మైకు పెడితే పోరగాండ్లు జోలపాట అనుకొని పంటరు తమ్మీ" అన్నాడు. పొద్దున ఆ గొంతుతో ఇల్లు నడిచేది. సాయంత్రం అదే గొంతుతో ధూంధాం.

ఎల్బీనగర్ సభకు పది రోజుల ముందు ఆయన్ని నా బండి మీద గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నెల రోజులుగా బొంగురు తగ్గడం లేదు. డాక్టరు సన్నటి గొట్టం లోపలికి దించి చూసి, చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"స్వరతంత్రి మీద వాపు ఉందండీ. చిన్న గడ్డలా కడుతోంది. ఇప్పుడు విశ్రాంతి ఇస్తే దానంతటదే తగ్గుతుంది. మూడు నెలలు పాట వద్దు. పాఠం కూడా మైకులోనే, మెల్లగా చెప్పండి. వినకుండా అరిచారనుకోండి, తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

"పాడను సార్" అన్నాడు అన్న.

మెట్లు దిగుతూ చీటీ జేబులో పెట్టుకుని, "ఎల్బీనగర్ ఒక్కటి అయిపోనియ్యి. మాటిచ్చిన. గది అయినంక మూడు నెలలు బంద్. మీ వదినకు మాత్రం చెప్పకు, పరేషాన్ అయితది" అన్నాడు. సరేనన్నాను.

మా బృందంలో మూడు నియమాలు ఉండేవి. ఎవరూ రాసిపెట్టలేదు. అన్న చెప్పగా చెప్పగా అందరికీ అలవాటయ్యాయి. ఒకటి, పాట కింద పడొద్దు. పాడేవాడు ఏ కారణంతో ఆగినా పక్కవాడు పల్లవి ఎత్తుకోవాలి, ముందువాడు తేరుకునే దాకా తిప్పుతూ ఉండాలి. రెండు, తప్పు జరిగితే ఒకరి మొహం ఒకరు చూడొద్దు. మనం చూసుకుంటేనే జనానికి తెలుస్తుంది. మూడు, జరిగిన తప్పును మైకులో చెప్పొద్దు. వాళ్లు గమనించని దాన్ని మనం ఎందుకు చూపించాలి?

ఈ మూడింటితో చాలా గండాలు దాటాం. నాగోల్‌లో ఎవరో కాలు తగిలి మెయిన్ వైరు ఊడదీస్తే, నేను వెతికి కలిపేదాకా రెండు డప్పులే పాట మోశాయి. కర్మన్‌ఘాట్‌లో వాన పడి కీబోర్డు మూగపోయింది, ఎవరికీ తెలియలేదు. అందుకే ఎల్బీనగర్ గురించి నాకు పెద్ద భయం లేదు. ఏర్పాట్లు కూడా చేసుకున్నాను. ఎక్కువ పాటలు పెద్దక్క పాడేట్టు, అన్న రెండే పాడేట్టు అనుకున్నాం. ఉన్నవాటిలో మంచి మైకు ఆయనకిచ్చి, గట్టిగా పాడాల్సిన పని లేకుండా ఆయన చానల్ పెంచి పెట్టాను.

ఆయన పాడాల్సిన రెండో పాట, చనిపోయిన విద్యార్థి తల్లి పాడేది. అన్నే కట్టాడు. మూడో చరణంలో ఆ తల్లి హాస్టలు గేటు ముందు నిలబడి కొడుకును పిలుస్తుంది. ఆ పిలుపు ఒక్కటే పొడుగాటి రాగం. పాట మొత్తంలో అన్నిటికన్నా పైన ఉండేది అదే.

సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఆ పాట మొదలైంది. మొదటి చరణం బాగుంది. రెండోది బాగుంది. మిక్సరు మీద ఆయన చానల్‌కు కింద పచ్చ లైట్లు, పైన పసుపువి, చివర ఒక ఎర్రది. మూడో చరణంలో పిలుపు అందుకోగానే ఎర్ర లైటు ఒక్కసారి వెలిగింది. మరుక్షణం అన్నీ ఆరిపోయాయి.

వైరు ఊడిందనుకున్నాను. చెయ్యి అదనపు మైకు మీదికి పోయింది. కానీ బాక్సుల్లోంచి ఏదో వినబడుతోంది. గాలి. తెరిచిన నోట్లోంచి ఒట్టి గాలి, ఆరు బాక్సుల్లో పెద్దదై మైదానమంతా వినబడుతోంది. మైకు బాగానే పనిచేస్తోంది.

అన్న నోరు అలాగే తెరిచి ఉంది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఒక చెయ్యి గొంతు మీదికి పోయింది. నొప్పికి కళ్లలోంచి నీళ్లు కారాయి. నాలుగైదు క్షణాలు ఎవరూ వాయించలేదు.

తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. పెద్దక్క ఆయన వైపు చూడకుండా పల్లవి ఎత్తుకుంది, బాగా తగ్గించి, ఇంట్లో పాడుకున్నట్టు. డోలక్ వేళ్లతోనే మొదలైంది. డప్పులు ఆగే ఉన్నాయి. నేను అన్న చానల్ సగానికి దించి, గాలి చప్పుడు కప్పడానికి ఎకో పెంచాను. ఆయన దగ్గు ఆ ఎకోలో పడి రెండు మూడు సార్లు తిరిగి వినబడింది. అది దగ్గులా లేదు. వెక్కిళ్లలా ఉంది.

ముందు వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో "జోహార్" అని అరిచారు. వెనక నుంచి అది అలలాగా వచ్చింది. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. అన్న మైకు పెదవులకు ఆనించుకుని చివరి రెండు వరసలు గుసగుసగా చెప్పాడు. బాక్సులు ఈల వేసే అంచు దాకా నేను చానల్‌ను పెంచి పట్టుకున్నాను. ఒక్క మాట కూడా పోలేదు. పాట ముగిసింది.

ఆ నిమిషాన నాకు కలిగింది గర్వం. అది దాచను. ఎవరూ తొట్రుపడలేదు, ఎవరి మొహం ఎవరూ చూడలేదు. ఇంత పెద్ద గండం ఇంత శుభ్రంగా దాటడం మా బృందంలో మొదటిసారి.

వేదిక వెనక సభ పెట్టినాయన అన్నను వాటేసుకున్నాడు. "ఏం పాడినవే అన్నా! పబ్లిక్ మొత్తం ఏడ్సింది పో. గంత దుఃఖం ఎట్ల దాసుకున్నవ్ ఇన్నొద్దులు?"

అన్న ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చేత్తో గొంతు చూపించాడు.

"అయ్యో, ఇంక దుఃఖం ఆగుతనే లేదు. నీళ్లు తేండ్రా" అన్నాడాయన.

డోలక్ వాయించే ఆయన నవ్వాడు. "ఇగ సిన్మావాళ్లు ఒస్తరు సూడు. గ్లిజరిన్ ఖర్సు గూడ లేదు మనోనికి."

పెద్దక్క నవ్వలేదు. వైర్లు చుడుతున్న నా పక్కన వచ్చి కూర్చుంది. "నువ్వు మిషన్ ముంగట కూసుంటవు. నీకు తెల్వలేదా గది ఏడుపు గాదని?"

"తెలుసక్కా."

"మరి జెర మైకుల చెప్పొద్దా, అన్న పానం మంచిగ లేదని? ఇంటికి తోలుకపోదుము గదా."

"పాట కింద పడొద్దు కదా" అన్నాను.

"పాట పడలే లే" అంది ఆమె. "పాటకేం, మంచిగనే ఉన్నది."

మైకుసెట్టు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం నుంచి తెచ్చేవాళ్లం. యజమాని గుంటూరు వైపు ఆయన, ముప్పై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడ్డాడు. మర్నాడు సామాను తిరిగి ఇవ్వడానికి పోతే ఎప్పటిలాగే మొదలుపెట్టాడు.

"మా వాళ్లని వెళ్లిపొమ్మని కేకలేయడానికి కూడా నా బాక్సులే కావాలా బాబూ మీకు?"

"మీ బాక్సులైతేనే మంచిగ ఇనబడ్తది అంకుల్."

"అఘోరించావులే. ఆ మూల పెట్టు, మెల్లగా."

ఆయన కౌంటరు మీది ఫోన్లో మా పాట మోగుతోంది. సభలో ఎవరో తీసిన వీడియో. ఒక్క రోజులో బస్టాండు ఎదురుగా మెమొరీ కార్డుల్లో పాటలు ఎక్కించే దుకాణాలన్నిటికీ చేరింది. ఆయన మూడో చరణం దగ్గరికి తెచ్చి, మళ్లీ వెనక్కి తిప్పి వినిపించాడు.

"ఇది ఏడుపంటున్నారు అందరూ. నువ్వేమంటావు?"

నేను ఎకో పెట్టె వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"ముప్పై ఏళ్లుగా బాక్సుల పక్కనే కూర్చున్నానయ్యా. ఏడ్చేవాడికి ఊపిరి లోపలికి పోతుంది. ఇతనికి బయటికి పోతోంది. గొంతు దెబ్బతింది ఆయనకి. పాపం, ఎవరో ఒకరు ఆపండి."

"ఉద్యమం అంకుల్, ఎట్ల ఆపుతం?"

"ఉద్యమాన్ని ఆపమన్లేదు బాబూ. ఆ పాటని ఆపమన్నాను."

ఆయన మాట నేను అన్నకు చెప్పలేదు. అప్పుడు నాకు తోచిన కారణం ఇది: మనల్ని ఆపమనే మాట ఒక ఆంధ్రా ఆయన అంటే అన్న అసలే వినడు. ఇప్పుడు చూస్తే అది కారణం కాదు, సాకు. అదే మాట నేను నా మాటగా చెప్పి ఉండొచ్చు.

వారం రోజులు అన్న ఇంట్లోనే ఉన్నాడు. కోచింగ్ సెంటరుకు జ్వరమని చెప్పాడు. గొంతు కొంత తిరిగి వచ్చింది. ఈలోగా పిలుపుల మీద పిలుపులు. అందరూ అడిగేది ఒకటే, ఆ ఏడ్చే పాట. మూడు నెలల బంద్ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండో వారంలో కొత్తపేటలో ఒక సభ ఒప్పుకున్నాడు, మా గల్లీకి దగ్గరే అని.

కొత్తపేటలో జాగ్రత్తపడ్డాం. కీబోర్డాయనతో మాట్లాడి శ్రుతి బాగా తగ్గించాం. పిలుపు కింద నుంచే పోయేట్టు రాగం కొద్దిగా మార్చాడు అన్న. మూడో చరణంలో ఒక్క ఎర్ర లైటు కూడా వెలగలేదు. ఆ పాటను ఆయన అంత చక్కగా పాడగా నేను అంతకు ముందు వినలేదు, తర్వాత కూడా వినలేదు. జనం చప్పట్లు కొట్టారు. కూర్చునే కొట్టారు.

మిక్సరుకు దగ్గరలో కూర్చున్న ఒక ముసలమ్మ పక్కామెను అడిగింది. "ఎల్బీనగర్ల ఏడ్సిండన్నరు, గీయనేనా?"

"ఈయన గాదు గావొచ్చు పెద్దమ్మా. ఆయన వేరే ఉంటడు."

దిగి వచ్చాక సభ పెట్టిన కుర్రాళ్లలో ఒకడు అన్న భుజం తట్టాడు. "గొంతు మంచిగనే ఉన్నది గానీ అన్నా, ఇయ్యాల దిల్ పెట్టలే నువ్వు."

అన్న ఆ మాటకు నవ్వాడు. ఇంటికి నడిచి వస్తుంటే పండ్ల మార్కెట్ దగ్గర ఆగి, కుళ్లిన బత్తాయిల వాసనలో నిలబడి, "మళ్ల సభకు శ్రుతి ఎనుకటి లెక్కనే పెట్టమని చెప్పు కీబోర్డోనికి" అన్నాడు.

"డాక్టరు చెప్పింది యాదికి ఉన్నదా అన్నా?"

"ఉన్నది."

"మరి?"

"నేను మంచిగ పాడితె తప్పట్లు గొడ్తరు తమ్మీ. గొంతు పోతె లేసి నిలబడ్తరు. ఎల్బీనగర్ల సూసినవ్ గదా. మనకు ఏది గావాలె?"

ఆయన అడిగింది నన్నే. అక్కడ మేమిద్దరమే ఉన్నాం, మైకు లేదు, జనం లేరు, కింద పడడానికి పాట కూడా లేదు. నాకు గొంతే కావాలన్నా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను మొహం మీద ఏమీ కనబడనీయకుండా, "ఎకో ఎంత పెట్టాలె?" అని అడిగాను.

"గప్పుడు పెట్టినంత."

ఆ తర్వాత అంతా పద్ధతిగా నడిచింది. పద్ధతి అన్న మాట కావాలనే రాస్తున్నాను. మూడో చరణానికి ముందు డప్పులు ఆగుతాయి. అన్న పిలుపు అందుకుంటాడు. ఎర్ర లైటు వెలుగుతుంది, ఆరుతుంది. పెద్దక్క పల్లవి ఎత్తుకుంటుంది. నేను చానల్ దించి ఎకో పెంచుతాను. జనం లేస్తారు. మొదటిసారి గండంగా వచ్చినదాన్ని మేం పాటలో భాగం చేసుకున్నాం. తేడా ఒక్కటే. ఎల్బీనగర్ సభ అయ్యాక ఆయన గొంతు తిరిగి రావడానికి వారం పట్టింది. తర్వాత తర్వాత అది వచ్చేది తక్కువ, పట్టే రోజులు ఎక్కువ.

నాలుగైదు సభలయ్యాక పెద్దక్క రావడం మానేసింది. కారణం అడిగితే, "నాకు గీ పల్లవి ఎత్తుకునుడు చాతనైతలేదు" అంది. ఆ పని చిన్నక్క తీసుకుంది.

ఒకరోజు పొద్దున మోటారు పనిచేయడం లేదని వదిన నన్ను మేడమీదికి పిలిచింది. మోటారు బాగానే ఉంది. అన్న క్లాసుకు పోయాడు. వదిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, కూర్చోమని చెప్పి, నేను తాగేదాకా ఆగింది.

"మీ అన్న మీటింగులల్ల ఏడుస్తుండట గదా."

"అంటున్నరు వదినా."

"నేను ఆయనతోని తొమ్మిదేండ్లు సంసారం జేసిన. మా మామ పోయిన్నాడు పీనుగ ముంగట గూడ ఆయన కంట్ల సుక్క నీరు రాలే. మైకు ముంగట ఏడుస్తడా? గొంతుకు ఏమైంది, చెప్పు."

"సల్లటి నీళ్లు తాగిండు వదినా. దుమ్ము గూడ ఎక్కువున్నది."

"నువ్వు ఇంజనీరింగ్ సదువుతున్నవు. అబద్ధం గూడ మంచిగ లెక్కజేసి చెప్తున్నవు" అని గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు. గొళ్లెం పెట్టిన చప్పుడు విని కిందికి దిగాను. మొహంలో ఏమీ మారనీయలేదని నాకు బాగా గుర్తు. ఆ విద్య మా బృందంలో అందరికీ వచ్చు.

కోచింగ్ సెంటరులో మొదట ఒక బ్యాచు తీసేశారు. వెనక బెంచీలవాళ్లకు వినబడడం లేదని పిల్లలు చెప్పారట. తర్వాత రెండోది కూడా తీసేసి, పేపర్లు తయారుచేసే గదిలో కూర్చోబెట్టారు. అన్న దాన్ని కూడా నవ్వుతూనే చెప్పాడు. చెప్పాడంటే, పెదవులు కదిపాడు, నేను దగ్గరికి వంగి విన్నాను.

చివరికి ఒక సభలో పల్లవి దగ్గరే గొంతు రాలేదు. మూడో చరణం దాకా పోనే లేదు. చిన్నక్క ఎత్తుకుంది, డోలక్ కలిసింది, నేను చానల్ దించాను. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. అన్న మైకు స్టాండుకు తగిలించి, దాని వైరు కాలికి అడ్డం రాకుండా చుట్ట చుట్టి పక్కన పెట్టి, దిగి వచ్చి నా బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పాట కూడా కింద పడలేదు.

ఈసారి డాక్టరు దగ్గరికి వదిన వచ్చింది. డాక్టరు పాత చీటీ చూశాడు, తేదీ చూశాడు. "అప్పుడు ఈయనతో ఎవరొచ్చారు?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను, క్లాసులో లాగా. ఆయన నన్నేమీ అనలేదు. గడ్డ గట్టిపడిందని, ఆపరేషన్ చేస్తే మాట కొంత మెరుగవుతుందని, పాట మాత్రం ఇక లేదని వదినకే చెప్పాడు. వదిన చీటీని మడత పెట్టకుండా, సంచిలో పైనే పెట్టుకుంది.

ఆపరేషన్ జరిగింది. మాట వచ్చింది, పక్క గదికి వినబడనంత. ఏడాది తిరగకముందే వాళ్లు మా వాటా ఖాళీచేసి ఊరికి దగ్గరగా పోయారు. రాష్ట్రం వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో అన్నను గుర్తుపట్టిన కుర్రాళ్లు భుజాల మీద ఎత్తుకున్నారు. ఎవరో మైకు చేతిలో పెట్టారు. ఆయన పెదవులు కదిపాడు. బాక్సుల్లోంచి ఏమీ రాలేదు. మైకు పాడైందనుకుని ఒకడు దాని మీద తట్టి చూశాడు. "పాతయి పెట్టినర్రా, వేరేది తేండ్రి" అని అరిచాడు. వేరేది తెచ్చేలోపు అన్న దిగి, చిన్నగా దండం పెట్టి, జనంలోంచి నడిచి వెళ్లిపోయాడు.

ఎల్బీనగర్ తర్వాత ఆయన ఆ పాటను మూడో చరణం దాకా పాడిన సభలు పదిహేడు. కొత్తపేటలో గొంతు నిలబడింది. మిగతా పదహారింటిలో నిలబడలేదు. పదహారింటికీ మిక్సరు దగ్గర ఉన్నది నేనే.